ఎద్దు మింగిన సంచి

ఒకప్పుడు ఎద్దుకి నెమరువేయడం వచ్చేది కాదు. గడ్డిపరక నోట్లో పడితే మెత్తగా నమిలి, గుటక వేశాకే రెండో పరక ముట్టుకునేది. అంత తీరుబడి పెద్దమనిషన్నమాట.

అప్పట్లో రైళ్ళెక్కడివి, లారీలెక్కడివి? సముద్రం ఒడ్డున పండిన ఉప్పు కొండమీది ఊళ్ళకి చేరాలంటే లంబాడీవాళ్ళ ఎడ్ల వీపుమీదే చేరాలి. చెరోపక్కా ఒక గోనె వేలాడేసుకుని ఎడ్లు బారులుగా నడిచేవి. పైన కొండమీదేమో మామిడికాయలు ముదిరిపోతుండేవి. కారాలు దంచుకున్నవాళ్ళు ఉప్పెప్పుడొస్తుందా అని దారికేసి చూస్తుండేవారు.

ఆ ఏడు ఉప్పు తెస్తున్నది జాంప్లీ అనే లంబాడీ ఆవిడ. ఆమె ఎడ్లలో ముందు నడిచేవాడు పుల్లన్న. వాడు ఆగితే వెనకున్న బారంతా ఆగిపోవాల్సిందే.

కొండదారి ఎక్కబోయే ముందు వెనకనుంచి ఓ నల్లమబ్బు పలకరించింది. "ఉప్పేనా, జాంప్లీ? నా పని కురవడం. తర్వాత నన్ను తిట్టుకోకు."

జాంప్లీ ఎడ్లని అదిలించింది. ఉప్పు తడిస్తే ఇంకేముంది, దారెంటే కారిపోతుంది. తొందరగా పదమంటే పుల్లన్న పచ్చిక దగ్గర నిలబడి ఒక్కో పరకే నములుతున్నాడు. బతిమాలింది, కసిరింది, తోక మెలిపెట్టింది. ఖాళీ కడుపుతో కొండెక్కలేనన్నాడు. నమలకుండా మింగడం మర్యాద కాదని కూడా అన్నాడు.

ఇక చేసేదేంలేక జాంప్లీ అటూ ఇటూ తిరుగుతూ నడుం సంచిలోంచి జొన్నరొట్టె తుంచుకుని నోట్లో వేసుకుంది. పుల్లన్న అది చూశాడు.

"అక్కా, నువ్వు నడుస్తూనే తింటున్నావే?"

"సంచిలో పెట్టుకున్నాగా. ఆకలేసినప్పుడు తీసుకుంటా."

"మరి నాకేదీ సంచి?"

అది వాళ్ళమ్మ గళ్ళు గళ్ళుగా కుట్టి, పెళ్ళికి పెట్టిన సంచి. జాంప్లీ దాన్ని ఓసారి నిమిరింది. మబ్బుకేసి చూసింది. రొట్టెలు కొంగులో కట్టుకుని సంచి పుల్లన్న ముందు పెట్టింది. మెడకి కట్టుకుంటాడనుకుంది పాపం. చేతుల్లేనివాడు ఎలా కట్టుకుంటాడు? గుటుక్కున మింగేశాడు.

సంచి కడుపులో చక్కగా సర్దుకుంది. పుల్లన్న పచ్చికంతా గబగబా లోపలికి నింపేసి నడక మొదలెట్టాడు. దారిలో ఒక్కో ముద్దే పైకి తెచ్చుకుని, మర్యాదగా నమిలి, మళ్ళీ మింగాడు. కాళ్ళ పని కాళ్ళది, దవడల పని దవడలది.

ఆఖరి గోనె కొండమీది ఊళ్ళో చూరుకిందికి చేరిందో లేదో, మబ్బు భళ్ళున కురిసింది. ఊరంతా ఊరగాయ కలుపుకుంది. కొత్తావకాయతో వేడన్నం మొదటి ముద్ద జాంప్లీకే పెట్టారు.

తిని, చెయ్యి కడుక్కుని, ఆమె నెమ్మదిగా అడిగింది. "పుల్లన్నా, నా సంచి?"

పుల్లన్న కళ్ళు అరమూసి, వినపడనట్టే నములుతూ కూర్చున్నాడు.

అది చూసి ఆవులూ గేదెలూ మేకలూ కూడా ఆ పద్ధతి నేర్చుకున్నాయి. అప్పటినుంచే ఎద్దు ముందు గబగబా మేసి, తర్వాత తీరిగ్గా నెమరువేస్తుంది. ఎంత పలకరించినా మాట్లాడదు. నోరు విప్పితే సంచి అడుగుతారని భయం మరి.