గడప మట్టి అడిగిన గుహ

అనగనగా ఒక అడవిలో, కొండ నడుము దగ్గర ఒక రాతి గుహ ఉండేది. చీకటి గుహ కాదర్రా, భయపడకండి. వెచ్చగా, పొడిగా, నేల మీద మెత్తటి ఎండుగడ్డి పరిచి ఉండేది. ఒక ఏడు వానల్లో వాగు పొంగి సగం అడవికి ఇళ్ళు లేకుండా పోయాయి. పాపం, చెట్ల కింద తడుస్తూ నానా అవస్థలూ పడ్డారు. అప్పుడు జంతువులన్నీ కలిసి ఆ గుహని ఊడ్చి, గడ్డి మోసి, దుంపలూ ఎండు రేగుపళ్ళూ దాచిపెట్టాయి. మళ్ళీ ఎవరికైనా ఇల్లు పోతే ఇక్కడ తలదాచుకోవాలి అనుకున్నాయి. దానికి ఆపద గుహ అని పేరు పెట్టాయి.

ఆ గుహకి కాపలా గరుకయ్య. గరుకయ్య ఒక ముసలి ముళ్ళపంది. మంచివాడే. కానీ చెప్పింది చెప్పినట్టు చేసే రకం, వెంట్రుక వాసి కూడా అటూ ఇటూ కదలడు. పైగా తన ముక్కంటే తనకి మహా గర్వం.

"ఏ మట్టి ముద్ద తెచ్చినా సరే, అది ఎవరి గడప ముందుదో వాసన చూసి చెప్పేస్తాను!" అని నలుగురిలో గొప్పలు పోయేవాడు. నిజం చెప్పాలంటే, చెప్పేసేవాడు కూడా.

ఆ ముక్కుని నమ్ముకునే ఎలుగుబంటి పెద్దయ్య ఒక నియమం పెట్టాడు. ఎందుకంటే, ఎండాకాలంలో అవతలి కొండ నుంచి తోడేళ్ళు వచ్చి, ఆ గుహలో నెల రోజులు కాళ్ళు బార్లా చాపుకుని పడుకున్నాయి. దుంపలన్నీ తినేసి వెళ్ళాయి. వాటిని మళ్ళీ తవ్వి తెచ్చి నింపాల్సి వచ్చింది. పెద్దయ్యకి ఒళ్ళు మండిపోయింది.

"ఇక మీదట గుహలోకి వచ్చేవాళ్ళు తమ గడప మట్టి ఒక ముద్ద తేవాలి. గరుకయ్య వాసన చూస్తాడు. మన అడవి మట్టి అయితేనే లోపలికి!" అన్నాడు.

అందరూ తలలూపారు. మీకూ బాగానే ఉందనిపిస్తోంది కదూ? ఉండండి, చెప్తాను.

వానాకాలం వచ్చింది. మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. వాగు ఎర్రగా పొంగి, ఒడ్డు దాటి అడవిలోకి వచ్చేసింది.

మూడో రోజు పొద్దున్నే గుహ దగ్గరికి పందికొక్కు వచ్చింది. నోట్లో మట్టి ముద్ద.

"అన్నయ్యా, మా ఇంట్లో ఒకటే చలి. ఇక్కడ గడ్డి మెత్తగా ఉంటుందని విన్నాను" అంది.

గరుకయ్య ముద్దని వాసన చూశాడు. "మిట్ట మీద చీమలపుట్ట పక్కన ఉన్న ఇల్లు. నీదే. రా లోపలికి" అన్నాడు.

కాసేపటికి నక్క వచ్చాడు. ఆకులో పొట్లం కట్టి మరీ మట్టి తెచ్చాడు.

"మామా, ఈ వానలో వేట లేదు, తిండి లేదు. నీ దగ్గర దుంపలున్నాయట కదా?" అన్నాడు.

గరుకయ్య వాసన చూశాడు. "కొండ మీద బండ కింద ఇల్లు. నీదే. రా. ఇదిగో, లోపల ఎవరికీ పళ్ళు చూపించకూడదు, తెలిసిందా?" అన్నాడు. నక్క బుద్ధిగా తలూపి లోపలికి దూరాడు.

మధ్యాహ్నం దాటాక దూదమ్మ వచ్చింది. దూదమ్మ ఒక కుందేలు. వెనకాల మూడు పిల్లలు. నలుగురూ నిలువునా తడిసిపోయారు. చిన్నదైతే చలికి పళ్ళు టకటకలాడిస్తోంది.

"తాతా, వాగు మా ఇంటిని మింగేసింది. రెండు రోజులుగా పొద దగ్గర్నుంచి పొదకి తిరుగుతున్నాం. మమ్మల్ని కాస్త లోపలికి రానివ్వండి" అంది.

గరుకయ్యకి జాలేసింది. కానీ నియమం నియమమే కదా! గొంతు సవరించుకున్నాడు.

"అలాగే తల్లీ. గడప మట్టి ఏదీ?" అన్నాడు.

"మట్టా?"

"మీ గడప ముందు మట్టి. వాసన చూడాలి. అది లేకుండా లోపలికి పంపడానికి నాకు అధికారం లేదమ్మా. ఏమీ అనుకోకు."

దూదమ్మ పిల్లల వైపు చూసింది. గుహ లోపలి గడ్డి వైపు చూసింది. ఎదురు మాట్లాడితే ఉన్న ఆశ కూడా పోతుందేమోనని భయపడింది పాపం.

"అయితే తెస్తాను తాతా. అంతదాకా పిల్లల్ని ఈ రాయి చాటున ఉండనివ్వండి" అంది. అని, వానలో వాగు వైపు పరుగెత్తింది.

గరుకయ్య గుమ్మంలో కూర్చున్నాడు. మనసు మనసులో లేదు. ఏదో ఒకటి చేయాలి కాబట్టి, పొద్దున తీసుకున్న రెండు ముద్దల్నీ మళ్ళీ వాసన చూశాడు. పందికొక్కు మట్టి. పైపైన తడిగా ఉన్నా, లోపల వెచ్చటి పొడి వాసన. నక్క మట్టి. అదీ పొడిపొడిగా రాలుతోంది.

గరుకయ్య ఆగిపోయాడు. ఇంకోసారి చూశాడు.

"ఓరి నా మొద్దు బుర్రా!" అని నెత్తి కొట్టుకున్నాడు. "పొడి మట్టి తెచ్చారంటే వాళ్ళ ఇళ్ళు పొడిగానే ఉన్నాయి! ఇల్లున్నవాళ్ళు మట్టి తేగలరు. ఇల్లు పోయినవాళ్ళు ఎక్కడి నుంచి తెస్తారు? ఆపదలో ఉన్నవాళ్ళ కోసం పెట్టిన గుహలో ఇళ్ళున్నవాళ్ళని పడుకోబెట్టి, ఇల్లు లేని తల్లిని నేనే వాగులోకి తోలానా!"

వెంటనే మూడు కుందేలు పిల్లల్నీ లోపలికి తోసి, "పందికొక్కమ్మా, వీళ్ళని చూడు!" అని అరిచాడు.

"మరి మట్టి? నియమం?" అంది పందికొక్కు.

"నియమం సంగతి నేను చూసుకుంటాను. నువ్వు పిల్లల సంగతి చూసుకో!"

అని దొర్లుకుంటూ, జారుకుంటూ కొండ దిగాడు. ముళ్ళపంది పరుగు ఎప్పుడైనా చూశారా? నవ్వకండర్రా, ఆ ముసలాయన ప్రాణాలు ఉగ్గబట్టుకుని పరుగెడుతున్నాడు.

వాగు దగ్గరికి వచ్చి చూస్తే ఏముంది! దూదమ్మ నీళ్ళ మధ్యలో ఒక బండ మీద ఉంది. వెళ్ళేటప్పుడు రాళ్ళ మీద గెంతుతూ వెళ్ళింది. ఇప్పుడు ఆ రాళ్ళన్నీ మునిగిపోయాయి. నీళ్ళు ఆమె పాదాల దాకా వచ్చేశాయి.

"తాతా! మా గడప కనబడట్లేదు తాతా! ఎంత వెతికినా కనబడట్లేదు!" అని ఏడ్చింది.

"మట్టి వద్దు తల్లీ! మట్టీ వద్దు, గిట్టీ వద్దు! నువ్వొస్తే చాలు! అక్కడే ఉండు, కదలకు!" అని గరుకయ్య కేక పెట్టాడు.

ఒడ్డు మీద సన్నటి మద్ది చెట్టొకటి వాగు వైపు వాలి ఉంది. గరుకయ్య దాని మొదలు పట్టుకుని కొరకడం మొదలుపెట్టాడు. కరకర, కరకర. ముసలి పళ్ళు జివ్వుమన్నాయి. నీళ్ళు దూదమ్మ మోకాళ్ళ దాకా వచ్చాయి. కరకర, కరకర. నీళ్ళు పొట్ట దాకా వచ్చాయి. అప్పటికి చెట్టు ఫెళ్ళున విరిగి, కొమ్మలు సరిగ్గా బండ మీద పడ్డాయి.

"ఎక్కు! కింద చూడకు! నన్నే చూస్తూ రా!"

దూదమ్మ ఎక్కింది. వణుకుతూ, జారుతూ, నాలుగు కాళ్ళతో మానుని కరుచుకుని ఒడ్డుకి వచ్చి పడింది. హమ్మయ్య! గరుకయ్య గబగబా ఎదురెళ్ళాడు. ఆమెని దగ్గరికి తీసుకుందామనుకున్నాడు గానీ, ఒళ్ళంతా ముళ్ళాయె! అందుకని దూరం నుంచే దండం పెట్టాడు.

"తప్పు నాదమ్మా. నా వల్ల నీ ప్రాణం పోయుంటే ఆ పిల్లలకి నేనేం చెప్పేవాణ్ణి?" అన్నాడు.

"నా పిల్లలెక్కడ తాతా?" అంది దూదమ్మ. ఆమెకి ఇంకేమీ వినబడటం లేదు.

"లోపలున్నారు. పొడిగా ఉన్నారు."

ఆ మాట వినగానే దూదమ్మ మళ్ళీ ఏడ్చింది. ఈసారి వేరే ఏడుపు.

ఇద్దరూ గుహకి చేరేసరికి ఎలుగుబంటి పెద్దయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"ఏం గరుకయ్యా, ఈ పిల్లల మట్టి ఏదీ?" అన్నాడు.

"వీళ్ళకి గడపే లేదు పెద్దయ్యా. అందుకే వచ్చారు. మనం ఈ గుహ సిద్ధం చేసింది వీళ్ళ కోసమే కదా?"

పెద్దయ్య గడ్డం గోక్కున్నాడు. "నాకీ ఆలోచనే రాలేదు సుమా! మరి మళ్ళీ తోడేళ్ళు వస్తేనో?" అన్నాడు.

"వాన పడుతున్నంతసేపూ ఎవరొచ్చినా ఉండనిద్దాం. ఎండ కాశాక ఎవరు ఎక్కడివాళ్ళో అడుగుదాం. నా ముక్కు ఎక్కడికీ పారిపోదుగా!"

పెద్దయ్య పకపకా నవ్వి, "సరే, అలాగే కానీ!" అన్నాడు.

ఈ మాటలన్నీ విన్న నక్క, తోక ముడుచుకుని చప్పుడు చేయకుండా ఇంటికి జారుకున్నాడు. పందికొక్కు మాత్రం వెంటనే వెళ్ళలేదు. చిన్న కుందేలు పిల్ల ఆమె పొట్ట మీద నిద్రపోయింది మరి, లేపడానికి మనసు రాలేదు. తల్లి వచ్చి తీసుకున్నాకే వెళ్ళింది. సాయంత్రం తన ఇంట్లో దాచుకున్న వేరుశనక్కాయలు మూటగట్టి పంపించింది.

దూదమ్మ పిల్లలకి దుంపలు పెట్టి, తనూ తింది. తిన్నాక మెల్లిగా అడిగింది. "ఎన్నాళ్ళు ఉండొచ్చు తాతా?"

"వాన తగ్గాక మిట్ట మీద మంచి చోటు చూద్దాం. ఇల్లు నేనే తవ్విపెడతాను. తవ్వడంలో నన్ను మించినవాడు ఈ అడవిలో లేడు!" అన్నాడు గరుకయ్య. గొప్పలు మానలేదు, చూశారా? "అంతదాకా ఇదే మీ ఇల్లు. వెళ్ళమని ఎవరూ అనరు."

ఆ రాత్రి దూదమ్మ రెండు రోజుల తరవాత మొదటిసారి కాళ్ళు చాపుకుని పడుకుంది. మూడు పిల్లలూ ఆమెని ఆనుకుని ముద్దలా పడుకున్నాయి. గరుకయ్య వాళ్ళని చూసుకుంటూ, హమ్మయ్య, హమ్మయ్య అని పదిసార్లు అనుకున్నాడు.

అంతలో గుమ్మంలో చప్పుడైంది. తడిసి ముద్దయిన ముంగిసలు ఆరు. ఏమంటాడో అని బెరుగ్గా నిలబడ్డాయి. గరుకయ్య అలవాటు కొద్దీ ముక్కు ముందుకు చాపబోయి, చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

"రండి, రండి, లోపలికి రండి. పేర్లు తరవాత చెప్పొచ్చు, ముందు ఒళ్ళు ఆరబెట్టుకోండి!" అన్నాడు.

నీతి: ఇల్లు పోయి మన దగ్గరికి వచ్చినవాళ్ళకి ముందు తలదాచుకునే చోటివ్వాలి, అడగవలసినవన్నీ ఆ తరవాత అడగవచ్చు.