సంకెళ్ల వంతెన

ఒక రాజ్యం మధ్యగా నది పారేది. రెండు గట్లనూ కలిపేది ఒక పడవల వంతెన. వరసగా నిలిపిన పడవలను ఒక పెద్ద ఇనుప గొలుసు పట్టి ఉంచేది. అవతలి గట్టు దొరలు వేరే రాజ్యం కావాలని తిరగబడి, మొదటి రోజే ఆ గొలుసు నరికి నదిలో పారేశారు.

రాజు తమ బానిసలను ఎక్కడ విడిపిస్తాడోనని వాళ్ల భయం. రాజుకు బానిసత్వమంటే అసహ్యమే. కానీ ఇవతలి దొరలకూ బానిసలున్నారు. ఆ దొరలు కూడా జారుకుంటే ఇక మిగిలేది సింహాసనమూ దాని మీది దుమ్మూ. అందుకే, రాజ్యం ఒక్కటిగా నిలవాలి, మిగతాది యుద్ధం అయ్యాక చూద్దాం అనేవాడు. అలా రెండేళ్లు గడిపాడు.

అవతలి రేవును రాజు సైనికులు మూడు వందల మంది ఇంకా నిలబెట్టుకునే ఉన్నారు. వాళ్ల దగ్గర పది రోజులకే తిండి ఉందని కబురొచ్చింది. వంతెనకు కొత్త గొలుసు చేయించాలని రాజు తానే కమ్మరి కొలిమి దగ్గరికి వెళ్లాడు. గనులన్నీ అవతలి గట్టునే ఉన్నాయనీ, ఉన్న ఇనుమంతా కత్తులకే సరిపోయిందనీ కమ్మరి చెప్పాడు. చెప్పి, తిత్తి ఊదుతున్న ముసలి బానిస కాళ్లకేసి చూశాడు.

"ఇనుము ఉంది ప్రభూ. తమరు చూడటం లేదు."

ప్రతి బానిసకూ రెండు కాళ్లకు రెండు కడియాలు, వాటి మధ్య జానెడు గొలుసు. కడియం మీద యజమాని గుర్తు ఉండేది. రాజు బాగా ఆలోచించి, గొలుసులు తీయండి, కడియాలు ఉండనివ్వండి అన్నాడు. ఇలాంటి తీర్పులంటే రాజులకు మహా ముద్దు. దొరలు కూడా సంతోషించారు.

ఆరో రోజుకు కొత్త గొలుసు తయారైంది. నది సగం దాటి అక్కడితో అయిపోయింది. అవతలి సైనికులు గట్టు మీదికి వచ్చి, వంతెన ఆగిన చోటికేసి చూస్తూ నిలబడ్డారు. రాజుకు సిగ్గేసింది.

"కడియాలు కూడా తీయండి."

గుర్తులు పోతే ఎవరు ఎవరివాళ్లో ఎలా తెలుస్తుందని దొరలు అడిగారు.

"ఎవరికి వాళ్లే" అన్నాడు రాజు.

కొందరు దొరలు అలిగి వెళ్లిపోయారు. రాజు వాళ్లను వెనక్కి పిలవలేదు. ఆ సాయంత్రం నుంచి కొలిముల దగ్గర పనికి మనుషుల కొరత లేకుండా పోయింది. విడుదలైన బానిసలే వచ్చి సమ్మెటలు పట్టారు.

పదో రోజు పొద్దున గొలుసు అవతలి గట్టును అందుకుంది. సైన్యం బారులు తీరింది. సేనాపతికి మాత్రం అనుమానం తీరలేదు. అంతా పాత ఇనుము, ముక్కలు ముక్కలుగా అతికించినది. ఇంత బరువుకు ఆగుతుందా అని కమ్మరిని అడిగాడు. జవాబు ముసలివాడి దగ్గర నుంచి వచ్చింది.

"తెంచుకుందామని నలభై ఏళ్లు లాగి చూశాను దొరా. తెగదు."

 రాజు గుర్రం దిగి ముసలివాడి దగ్గరికి వచ్చాడు.

"పదండి, కలిసి నడుద్దాం."

ఇద్దరూ మొదటి పడవ మీద కాలు పెట్టారు. కాళ్లకు ఇనుము లేకపోయినా ముసలివాడి అడుగు జానెడే పడుతోంది. రాజు అతని కోసం మెల్లగా నడిచాడు. నది సగం దాటాక ముసలివాడి అడుగు పెద్దదైంది. అతన్ని అందుకోవడానికి రాజు కాస్త తొందరపడాల్సి వచ్చింది.