కొండమీది నీళ్ళు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో కరెంటు ఉంది! నవ్వకండర్రా, నిజంగానే ఉంది. లోయలో మూడు బొగ్గు పొయ్యిలు మండేవి. వాటిమీద మరిగే నీళ్ళ ఆవిరికి చక్రం తిరిగి కరెంటు పుట్టేది. ఆ కరెంటుతో మోటారు నడిచి, లోతు బావిలోంచి అందరికీ తాగేనీళ్ళు తోడేది.

అంతా బాగానే ఉంది గానీ, అబ్బ, ఆ పొగ! లోయంతా కమ్మేసింది. గోరింకమ్మ ఏటా పొదిగిన పిల్లలు ఏటా దగ్గి దగ్గి సొమ్మసిల్లేవి.

"దొరా, నా పిల్లలు బతికేలా లేవు," అని గోరింకమ్మ, అడవినేలే ఏనుగు దొర ముందు ఏడ్చింది.

దొర తాబేలు తాతను పిలిపించాడు. తాత తాపీగా చెప్పాడు. "మూడేళ్ళ పని దొరా. మొదటి ఏడు గాలిమరలు. రెండో ఏడు ఎండతో కరెంటు పుట్టించే ఎండ పలకలు. మూడో ఏడు కొండమీద చెరువు. ఒక్కో పని పూర్తికాగానే ఒక్కో పొయ్యి ఆర్పుదాం."

"మూడేళ్ళా!" కోతి చిట్టెన్న పకపకా నవ్వాడు. "నీకేం తాతా, నూరేళ్ళు బతుకుతావు!"

అయినా పని మొదలైంది. గాలిమరలు లేచాయి, ఒక పొయ్యి ఆరింది. ఎండ పలకలు పరిచారు, రెండోదీ ఆరింది. మూడో ఏడు ఆషాఢం వచ్చింది. ఏం గాలి, ఏం గాలి! మరలు గిర్రున తిరిగాయి.

చిట్టెన్న గంతులేశాడు. "ఇంకా చెరువెందుకు? ఆ చివరి పొయ్యి ఇవాళే ఆర్పేద్దాం!"

"ఆర్పేద్దాం!" అని అందరూ అరిచారు.

"గాలి మన చుట్టమా నాయనా, పిలవగానే రావడానికి?" అన్నాడు తాత. "ఇప్పుడు మిగిలే కరెంటుతో, మసి కలిసి తాగడానికి పనికిరాని వాగు నీళ్ళను కొండమీది చెరువులోకి తోడుదాం. గాలి లేనినాడు ఆ నీళ్ళు కిందికి వదిలితే చక్రం తిరిగి కరెంటు పుడుతుంది."

దొర గోరింకమ్మ వైపు తిరిగాడు. "పొగ మింగేది నువ్వు. నువ్వే చెప్పమ్మా."

'ఆర్పేయండి' అన్నమాట ఆమె గొంతుదాకా వచ్చింది. అప్పుడే బావి దగ్గరి తొట్టిలో నీళ్ళు తాగుతున్న జింకపిల్లలు కంటపడ్డాయి. మోటారు ఆగితే వాటి గతేమిటి?

"చెరువు తవ్వండి," అంది. "ఇంకొన్నాళ్ళు ఓర్చుకుంటాం."

ఇక చూడాలి ఆ సందడి! పందులు తవ్వాయి, ఏనుగులు మట్టి మోశాయి, కోతులు కట్ట తొక్కాయి. చెరువు నిండింది. చివరి పొయ్యి ఆరింది!

ఆ మర్నాడే గాలి ఆగిపోయింది. మబ్బు కమ్మింది. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు! మర కదలదు, పలకకు ఎండ తగలదు. తొట్టిలో చుక్క మిగల్లేదు.

"తాతా, కొంప మునిగింది!" అన్నాడు చిట్టెన్న.

"చెరువు తూము ఎత్తండర్రా!" అని తాత కేక పెట్టాడు.

ఎత్తారు. నీళ్ళు దబదబా దూకాయి. చక్రం కదిలింది, మోటారు గుర్రుమంది, తొట్టిలో నీళ్ళు పడ్డాయి! జింకపిల్లలు ఒకదాన్నొకటి తోసుకుంటూ తాగాయి.

పైన కొమ్మమీద గోరింకమ్మ పిల్లలు నిండా ఊపిరి పీల్చుకుని, దగ్గకుండా గొంతెత్తాయి. ఆ గోలలో మోటారు చప్పుడే వినబడలేదంటే నమ్మండి!

నీతి: పాతదాన్ని మానాల్సిందే. మానేముందు, కొత్తది కష్టకాలంలో కూడా ఆదుకునేలా సిద్ధం చేసుకోవాలి.