గంటలో బంకమట్టి

రండి, ఆ చివర ఉన్నవాళ్లు ఇటు జరగండి. చాప మీద ఇంకా చోటుంది. సంచులు గోడవారగా పెట్టి దగ్గరగా కూర్చోండి. ఇది గొంతు పెంచి చెప్పే కథ కాదు.

కొండ కింద ఒక గేదెల మంద ఉండేది. పొద్దున్నే అడవిలో మేసి, ఎండ నడినెత్తికి రాగానే వాగు మలుపులో ఉన్న బురదమడుగులో దిగేవి. ముట్టెలు మాత్రం పైకి పెట్టుకుని నెమరు వేస్తూ ఊరి కబుర్లన్నీ చెప్పుకునేవి. ఆ మందకు ఒక కట్టుబాటు ఉండేది. తల్లయిన ప్రతి గేదె మెడలోనూ ఇత్తడి గంట ఉండాలి. ఎవరు ఏ కబుర్లలో మునిగినా ఒక చెవి గంటల మీదే ఉంచాలి. ఏ గంటైనా ఆగకుండా గణగణ మోగిందంటే అందరూ అటే పరుగెత్తి, ఆ తల్లి బిడ్డను మధ్యలో పెట్టి, కొమ్ములు బయటికి తిప్పి చుట్టూ నిలబడాలి. చిరుతపులి కూడా ఆ వలయాన్ని చూస్తే ఏదో పని గుర్తొచ్చినట్టు వెనక్కి తిరిగిపోయేది.

ఆ మందలో నుదుట తెల్లమచ్చ ఉన్న గేదె పేరు బొల్లి. దాని కొడుకు కొండడు. కొమ్ములు వంపు తిరుగుతున్న వయసు, భుజాలు ముందుకు తేలుతున్న వయసు. ఒకరోజు తోటివాళ్లతో తలలు ఢీకొట్టే ఆటలో ఓడిపోయాడు. వాళ్లు నవ్వారు. వాడు ఒంటరిగా కొండెక్కాడు.

కొండ మీద ఒక బండ, ఆ బండలో ఒక గుంట. పక్కనున్న చెట్ల ఇప్పపూలు ఆ గుంటలో చేరి, ఊటనీళ్లలో నాని పులిసి ఉన్నాయి. కొండడు దాహానికి తాగాడు. తలలో మోగుతున్న నవ్వులు ఆగిపోయాయి. మర్నాడు దాహం లేకపోయినా వెళ్లాడు.

నెల తిరిగేసరికి వాడి డొక్కలు లెక్కపెట్టగలిగేలా తేలాయి. పచ్చగడ్డి ముందుకు తోస్తే మొహం తిప్పుకునేవాడు. అడ్డం నిలబడితే తల్లినే కొమ్ములతో నెట్టేవాడు. మళ్లీ మత్తు దిగాక వచ్చి ఆమె మెడ మీద తల ఆనించి, ఇంక పోనమ్మా అని ఏడ్చేవాడు. ఆ మాట చెప్పేటప్పుడు నిజంగానే చెప్పేవాడు. మధ్యాహ్నానికి మళ్లీ కనిపించేవాడు కాదు.

బొల్లి వాణ్ని వెతుక్కుంటూ కొండెక్కుతుంటే దారిలో నక్క ఎదురైంది.

"అక్కా, గంట మోగించుకుంటూ పోతున్నావు. మంద మొత్తానికి చాటింపు వేస్తున్నావా?"

బొల్లి ఆగింది. వాడి సంగతి నీకు తెలుసా అని అడిగింది.

"నాకు తెలిస్తే ఏముంది, పరాయిదాన్ని. మీవాళ్లకు తెలిస్తేనే కదా. పెంపకం బాగాలేదంటారు. నీ కొడుకు పక్కకు తమ దూడల్ని రానివ్వరు. నాలుగు రోజులు గుట్టుగా ఉంటే వాడే మారతాడు. రా, ఆ గంట సంగతి నేను చూస్తాను."

నక్క వాగు ఒడ్డున బంకమట్టి తెచ్చి, ముందుకాళ్లతో గంట నిండా కూరింది. ఎండకి అది రాయిలా బిగిసింది. బొల్లి తల ఊపి చూసుకుంది. చప్పుడు లేదు. అప్పుడు దానికి హాయిగా అనిపించింది కూడా.

కానీ మడుగులో దిగితే మట్టి నానిపోతుంది. అందుకని బొల్లి మడుగులో దిగడం మానేసింది. అందరూ చల్లగా బురదలో ఉంటే, తను ఎదుటి గట్టున ఎండలో, ఈగలు తోలుకుంటూ కూర్చునేది. వాళ్ల నవ్వులు నీళ్ల మీదుగా వినిపించేవి. ఎవరైనా ఇటు చూస్తే తన కొడుకు గురించే అనుకుంటున్నారని అనిపించేది. వాళ్లేమో, బొల్లికి ఈమధ్య పొగరెక్కింది, మన బురద దానికి ఆనడం లేదు అనుకున్నారు. మందలో పెద్దది వంకరకొమ్ము ఒక్కతే ఆ మాటకు నవ్వేది కాదు. రెండు మూడుసార్లు లేచి ఒడ్డుదాకా వచ్చింది. బొల్లి మొహం తిప్పుకోవడం చూసి మళ్లీ దిగిపోయింది.

ఒక మధ్యాహ్నం బొల్లి బండ దగ్గరికి వెళ్లేసరికి కొండడు బాగా తాగి ఉన్నాడు. నాలుగు కాళ్లూ నాలుగు దారులు పడుతున్నాయి. బండకు అవతల లోయ. వాడు అటే తూలుతున్నాడు. బొల్లి పరుగున వెళ్లి వాడికీ అంచుకూ మధ్య నిలబడింది.

"తప్పుకో అమ్మా. ఇక్కడున్నంతసేపే నాకు బాగుంటుంది."

"తప్పుకుంటే పడిపోతావురా, నాన్నా."

వాడు తల ఆనించి నెట్టాడు. బొల్లి డెక్కలు బండ మీద జారాయి. అరవడానికి నోరు తెరిచింది.

"అరవకక్కా," అంది నక్క, గుంట పక్కనుంచి. "ఇన్నాళ్లు దాచింది ఈ ఒక్క పూటలో పాడుచేసుకుంటావా?"

బొల్లి అటు చూసింది. నక్క మూతికి ఇప్పపూల రేకులు అంటుకుని ఉన్నాయి. కాళ్ల దగ్గర ఇంకో గుత్తి ఉంది. గుంటలోకి పూలు తెచ్చి పోస్తున్నది అదే. ఎందుకో తెలుసుకోవాలంటే లోయలోకి ఒకసారి తొంగి చూస్తే చాలు. అక్కడ పాత ఎముకలు తెల్లగా కనిపిస్తున్నాయి. గేదెను చంపే బలం నక్కకు లేదు. తూలే గేదె దానంతట అదే పడితే నెల్లాళ్ల తిండి. దానికి కావలసిందల్లా ఎవరికీ వినిపించకపోవడం.

బొల్లి ఇక అరవలేదు. అరిస్తే కొండ దిగువకు వినిపించదు. మెడ వంచి గంటను బండకేసి కొట్టింది. ఒకసారి, రెండుసార్లు. మూడోసారికి మట్టి పెచ్చు ఊడింది. గంట నెల రోజుల మౌనమంతా ఒకేసారి వదిలించుకున్నట్టు మోగింది.

కింద నీళ్లు బద్దలైన చప్పుడు వినిపించింది. మంద మొత్తం బురద కారుతూ కొండెక్కింది. అందరికంటే ముందు వంకరకొమ్ము, ఆ వయసులో, రొప్పుతూ. వాళ్లను చూడగానే నక్క పొదల్లోకి పారిపోయింది.

వచ్చీ రాగానే కొండణ్ని అంచు నుంచి లోపలికి తోసి చుట్టూ నిలబడ్డాయి. కుర్రదున్న ఒకడు, వీడు దూడేమిటి, నాకంటే బరువున్నాడు అని గొణిగాడు. తూలుతున్నాడు కదా, ఇవాళ్టికి దూడే అంది వంకరకొమ్ము. ఎప్పటిలాగే బొల్లి కూడా కొమ్ములు బయటికి తిప్పి వలయంలో నిలబడబోయింది.

"నువ్వు ఇక్కడ కాదే," అంది వంకరకొమ్ము. "నువ్వూ లోపలికి పో."

తల్లిని మధ్యలో నిలబెట్టడం ఆ మందలో అంతకుముందు ఎప్పుడూ లేదు. బొల్లి కొడుకు పక్కన నిలబడి మొదటిసారి గట్టిగా ఏడ్చింది.

"అందరికీ తెలిసిపోయింది పెద్దమ్మా."

"నా పెద్దోడు అవతలి మందలోకి పోయాడని చెప్పాను, గుర్తుందా? పోలేదు." వంకరకొమ్ము లోయ వైపు చూసి తల తిప్పుకుంది. "నా గంటలో ఆకులు కూరింది కూడా ఈ నక్కే. నీ గంట ఆగిన రోజునే నాకు అనుమానం వచ్చింది. అడుగుదామని రెండు మూడుసార్లు లేచాను. ఏమనుకుంటావోనని కూర్చున్నాను. నాదీ తప్పే."

మంద ఆ గుంటను వదల్లేదు. ఒంటి మీది బురదంతా దులిపి, రాళ్లు దొర్లించి, తొక్కి పూడ్చేసింది.

కొండడు మర్నాటికే మారిపోయాడని చెబితే మీరు నమ్మకూడదు. ఆ వేసవిలోనే రెండుసార్లు వేరే గుంట వెతుక్కుంటూ పోయాడు. కానీ వాడి వెంట రోజుకొకరు నడిచేవారు. ఆటలో ఓడించి నవ్విన కుర్రదున్నలు కూడా వంతు వేసుకున్నారు. వాళ్లు వెళ్లినప్పుడు బొల్లి మడుగులో మెడదాకా దిగి, కాసేపు కళ్లు మూసుకునేది. వానలు పడేనాటికి కొండడు గడ్డి అడిగి తిన్నాడు.

నక్క లోయ కింద చాలా రోజులు కాచుకుంది. ఏదీ పడలేదు. ఆకలికి తన పులిసిన పూలే తిని, కడుపు పట్టుకుని బండ మీద కూర్చుంది. ఎవరికైనా చెప్పుకుందామంటే, గుట్టుగా ఉండమని అందరికీ అదే చెప్పింది కదా, వినేవాళ్లు మిగల్లేదు.

ఇంట్లో ఒకరు దారి తప్పితే దాచి కూర్చోవద్దు, పక్కింట్లో గంట మోగడం ఆగితే అడగకుండా ఊరుకోవద్దు.

ఇక లేవండి, పొద్దు వాలుతోంది. ఇళ్లకు పోయి అన్నం తినండి. మీరు కూర్చునే ముందు మీ అమ్మ తిన్నదో లేదో ఒక మాట అడగండి.