గురవయ్య మాస్టారి చలిపట్టీ

ఆ ఏడు కొండవాలు మీద చలి మామూలుగా లేదు. కింద దొడ్లో గొర్రెలకు ఒంటినిండా ఉన్ని ఉంది కాబట్టి వాటికి పట్టింపు లేదు. పాట్లన్నీ కుందేళ్ళవే. ఒళ్ళంతా ఒక ఎత్తు, ఆ చెవులు ఒక ఎత్తు. తెల్లారేసరికి చెవుల కొసలు కొయ్యబారిపోయేవి. పోనీ కిందికి వాల్చుకుందామా అంటే కుదరదు. అందరూ మేస్తున్నప్పుడు ఒకరు చెవులు నిక్కించి కాపలా కూర్చోవాలి. చిన్న అలికిడి వినిపిస్తే కాలితో నేల తన్నాలి. మరుక్షణం అందరూ బొరియల్లో ఉండాలి. తాతల నాటి నుంచీ అదే కట్టుబాటు.

ఈ కట్టుబాటు వల్ల బాగా చిక్కిపోయినవాడు గురవయ్య అనే నక్క. ఎంత మెల్లగా వచ్చినా ఆ చెవులు పసిగట్టేస్తున్నాయి. పాపం, పక్కటెముకలు బయటపడ్డాయి.

ఒకరోజు పొద్దున్నే గురవయ్య వెదురు కొక్కెం సూదులు, ఉన్ని ఉండలు పట్టుకొచ్చి, దూరంగా ఒక రాయి మీద కూర్చున్నాడు.

"అమ్మలారా, మీ చెవులు చూస్తుంటే నా కడుపు తరుక్కుపోతోంది. నేను మాంసం మానేశాను. ఇప్పుడు నా ధ్యాసంతా చేతిపనుల మీదే. చెవులు కప్పే చలిపట్టీ అల్లడం నేర్పుతాను. సూది పట్టడం రానివాళ్ళకి కూడా వచ్చేస్తుంది. ఫీజు లేదు."

ఫీజు లేదనగానే కొండవాలు మొత్తం మెత్తబడింది. కుందేళ్ళలో పెద్దదిక్కు మంగతాయారు మాత్రం బొరియలోంచి సగమే బయటికొచ్చి అడిగింది.

"అంత దూరం నుంచే నేర్పుతావా?"

"మీరు గుమ్మం దాటక్కర్లేదు తల్లీ. కొక్కేలు, ఉన్ని అక్కడికే విసురుతాను."

ఆ ఉన్ని, గొర్రెల దొడ్డి చుట్టూ ఉన్న ముళ్ళకంపకి తగులుకున్నదే. పాఠం మొదలైంది. ఒక మాట ఒప్పుకోవాలి, గురవయ్య పాఠం బాగా చెప్తాడు.

"ముందు ఒక జారుముడి వెయ్యండి. కొక్కెం దూర్చి దారం లాగండి. ఒక కన్ను వచ్చిందా? దాంట్లోంచి మళ్ళీ లాగండి. ఇలా గొలుసు అల్లుకుపోండి. పట్టీ ఎంత వెడల్పు కావాలో గొలుసు అంత పొడుగు. తర్వాత వెనక్కి తిరిగి, కన్నుకో కుట్టు. వరస మీద వరస వేస్తూ పోతే పట్టీ పొడుగు పెరుగుతుంది. తల చుట్టుకొలత కంటే రెండు వేళ్ళు తక్కువ ఉన్నప్పుడే ఆపాలి, ఉన్ని సాగుతుంది. ఆపైన రెండు కొసలూ కలిపి కుట్టెయ్యడమే. వెడల్పు మాత్రం తగ్గకూడదు! చెవులు పూర్తిగా లోపలికి పోవాలి."

మంగతాయారు అల్లింది చూసి గురవయ్యకి ఒళ్ళు మండింది.

"ఇదేంటమ్మా, జానెడు వెడల్పుతో మొదలెట్టి పురికొసలా తేల్చావు? ప్రతి వరసలోనూ చివరి కన్ను వదిలేస్తున్నావు!"

"చివరిదేదో దాని ముందుదేదో తెలిసి చావడం లేదు మాస్టారూ."

"ఆ పిల్లని చూసి నేర్చుకో" అన్నాడు గురవయ్య, మంగతాయారు మేనకోడలు రాజ్యాన్ని చూపిస్తూ. "ఎంత బిగువుగా అల్లిందో! గాలి కూడా దూరదు. నాకు ఇలాంటి శిష్యురాళ్ళే కావాలి." అన్ని రోజుల్లో ఆయన మనస్ఫూర్తిగా అన్న మాట అదొక్కటే.

ఆ సాయంత్రం కాపలా వంతు రాజ్యానిది. కొత్త పట్టీ పెట్టుకుని దర్జాగా కూర్చుంది. పక్కనే పసికూనలు మేస్తున్నారు. మంగతాయారు వెనకనుంచి పిలిచింది. పలకలేదు. గట్టిగా పిలిచింది. ఉహూ. దగ్గరికొచ్చి ఎండుటాకులు తొక్కింది. రాజ్యం ఏదో కూనిరాగం తీసుకుంటోంది.

మంగతాయారుకి ముందు కోపం వచ్చింది, వెంటనే భయం వేసింది. పసికూనల వైపు ఒకసారి చూసి, రాజ్యం తల మీంచి పట్టీ లాగేసింది.

"ఏంటత్తయ్యా!"

"వెచ్చగా ఉందా?"

"భలే వెచ్చగా ఉంది."

"వెచ్చగానే పోతావు. ఇందాకట్నుంచీ అరుస్తున్నాను, వినిపించిందా?"

రాజ్యం మొహం పాలిపోయింది. "అందుకా ఆయన వెడల్పు వెడల్పు అని ప్రాణం తీసింది! రేపట్నుంచి రావద్దని చెప్పేద్దాం."

"చెప్తే ఇంకో చేతిపని పట్టుకొస్తాడు. చదువు చెప్పినవాణ్ణి ఉత్త చేతులతో పంపిస్తామా? సన్మానం చేద్దాం."

మర్నాడు గురవయ్య లొట్టలేసుకుంటూ చెప్పాడు. "ఇక అందరూ పట్టీలు పెట్టుకుని, బయటికొచ్చి వరసగా కూర్చోండి. కుట్టు ఎలా వచ్చిందో దగ్గర్నుంచి చూడాలి."

"అయ్యో, గురువుగారి తలకి పట్టీ లేకుండా మేం పెట్టుకుంటే బాగుంటుందా?" అంది మంగతాయారు. "మొదటి పట్టీ మీకే. రేపు పొద్దున సన్మానం."

"నాకెందుకమ్మా ఇవన్నీ" అన్నాడు గురవయ్య. అంటూనే దారంతో తన తల కొలుచుకున్నాడు. "వెనక ఒక పువ్వు కూడా పెట్టించమ్మా."

ఉన్ని చాలక మంగతాయారు దొడ్డి దగ్గరికి దిగింది. అక్కమ్మ అనే ముసలి గొర్రె కంపలోంచి తొంగిచూసింది.

"ఇంకా ఉన్ని కావాలా? ఎవరికి వదినా?"

"మా గురవయ్య మాస్టారికి. రేపు పొద్దున రాతి దగ్గర సన్మానం."

అక్కమ్మ పక్కన కునుకు తీస్తున్న కాపలా కుక్క కర్రెన్న ఒక కన్ను తెరిచాడు. "నక్క గురవయ్యేనా? పిలవకపోయినా రావచ్చా?"

"పెద్దవాళ్ళు వస్తే మాకే గౌరవం" అంది మంగతాయారు.

పట్టీ రాజ్యమే అల్లింది, రెండు పొరలుగా. ఒక్క కన్ను కూడా వదల్లేదు. తెల్లారాక గురవయ్య రాయెక్కి, పట్టీ తలకి తగిలించి, చెవులు రెండూ లోపలికి నొక్కుకున్నాడు. బిగువుగా కూర్చుంది. ఆయన కళ్ళు చెమర్చాయి. ఉపన్యాసం మొదలెట్టాడు.

"కళ కోసం నేను పడ్డ కష్టం..."

కింద దొడ్డి వైపు నుంచి మొరుగు వినిపించింది. ఒక్క ఉపన్యాసకుడికి తప్ప అందరికీ వినిపించింది. కుందేళ్ళు మర్యాదగా ఒక్కొక్కరే లోపలికి జారుకున్నారు. రాజ్యం మనసు ఆగలేదు. ఎంతైనా చదువు చెప్పినవాడు.

"మాస్టారూ, కుక్క! కుక్క వస్తోంది!" అని గొంతు చించుకుని అరిచింది.

గురవయ్య ఆ పిల్ల నోరు కదలడం చూసి మురిసిపోయాడు.

"చాలమ్మా చాలు, మరీ అంత పొగడకు" అన్నాడు.

కర్రెన్న నోట్లో సగం తోక వదిలేసి, మిగతా గురవయ్య ఎలాగో కొండ దాటాడు. "అంతమంది శిష్యుల్లో ఒక్కరైనా చెప్పలేదు చూశారా, ఎంత విశ్వాసం లేని జాతో!" అని అక్కడ కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. అయ్యో పాపం అని వాళ్ళు అంటూనే ఉన్నారట. పట్టీ ఇంకా తలకే ఉండడంతో ఆయనకి అదీ వినపడలేదు.

నీతి: ఊరందరి చెవులూ మూయించాలని చూసేవాడు, తనకి అవసరమైన మాట కూడా వినలేడు.