నిద్రనూలు ఒడ్డాణం

పిల్లలూ, ముందే చెప్పేస్తున్నాను. ఈ కథలో వరస తప్పితే తప్పుతుంది. చీమ ముందు వచ్చిందా, తాబేలు ముందు వచ్చిందా అన్నది నాకిప్పుడు గట్టిగా తెలీదు. జరిగింది మాత్రం ఇదే.

ఎన్నడని అడక్కండి, పొగడపురం అనే రాజ్యాన్ని విజయకేతుడనే రాజు ఏలుతుండేవాడు. ఆయనకు ముగ్గురు కొడుకులు. పెద్దవాడు అజితుడు కత్తి బాగా తిప్పేవాడు. రెండోవాడు రంజితుడు లెక్కల్లో మేటి. మూడోవాడు నందనుడు మేనత్త పక్కన కూర్చుని, కొక్కెం సూదితో నూలు అల్లేవాడు.

"తమ్ముడూ, చీర కూడా కట్టుకోరాదూ?" అని అన్నలు నవ్వేవారు.

"అల్లిక అయ్యాక కట్టుకుంటాలే అన్నా, నీకూ ఒకటి అల్లనా?" అనేవాడు నందనుడు.

ఆ దేశంలో అల్లేవాళ్ళు ఒకటి, రెండు అని లెక్కపెట్టరు. కుట్టుకో మనిషి పేరు పలుకుతారు. మొదటి వరసకు వీధిలోవాళ్ళ పేర్లు, రెండో వరసకు తోటల్లో, పొలాల్లో పనిచేసేవాళ్ళ పేర్లు, మూడో వరసకు ఇంట్లోవాళ్ళ పేర్లు. అంకెలు పలికితే మత్తు వస్తుంది, మనుషుల్ని పలికితే చెయ్యి ఆగదు అని అత్త చెప్పేది. మూడో వరసలో ఆఖరి కుట్టు దగ్గరకు వచ్చేసరికి మాత్రం సూది తనే అందుకునేది.

"ఇది నాదిరా నాన్నా" అని లోలోపలే ఏదో అనుకుని కుట్టు వేసేది. తరవాత ఉచ్చులోంచి నూలు కొసను దూర్చి బిగించేది. "ఇది మరవకు. ఆఖరి ఉచ్చు బిగించకపోతే, ఏడాది అల్లినా ఒక్క లాగుతో అంతా ఊడిపోతుంది."

ఇలా ఉండగా ఒకనాడు ఆ రాజ్యంలో నిద్ర పోయింది. పోవడమంటే, దొంగతనం జరిగింది. ఏడు సముద్రాల అవతల కంకనేత్రుడనే మాంత్రికుడు ఊరందరి నిద్రనూ లాగి, మంత్రంతో నూలుగా వడికి, ఉండ చుట్టి పట్టుకుపోయాడు.

ఒకరోజు గడిచింది. ఒక వారం గడిచింది. ఒక నెల గడిచింది. వంటవాళ్ళు పప్పులో మూడుసార్లు ఉప్పు వేశారు. తల్లులు జోల పాడి పాడి గొంతులు పోగొట్టుకున్నారు. రాజుగారు సభలో అడిగిందే అడిగి, "ఇప్పుడేమడిగాను?" అని మంత్రినే అడిగేవాడు. మంత్రికీ గుర్తుండేది కాదు. పసిపిల్లలు ఏడవడానికి కూడా ఓపిక లేక నోళ్ళు తెరిచి ఊరుకునేవారు. అత్త కళ్ళు గుంటలు పడ్డాయి. ఇంకొక నెల ఇలా ఉంటే ఎవరూ మిగలరని వైద్యులు చెప్పారు.

అజితుడు కత్తి పట్టుకుని వెళ్ళాడు. తిరిగి రాలేదు. రంజితుడు వెళ్ళాడు. అతనూ రాలేదు. అప్పుడు నందనుడు కొక్కెం సూది నడుముకు దోపుకుని అత్త కాళ్ళకు దణ్ణం పెట్టాడు.

"వెళ్ళిరా నాన్నా. నాకు ఏడుద్దామన్నా కన్నీళ్ళు రావడంలేదు, ఏమనుకోకు" అందామె.

దారిలో ఒక చీమ నీటిగుంటలో పడి కొట్టుకుంటోంది. నందనుడు తీసి గట్టున పెట్టాడు. అది అతని చెవి వెనక ఎక్కి కూర్చుంది. సముద్రం ఒడ్డున ఒక తాబేలు తిరగబడి పడుంది. దాన్ని సరిగ్గా పెట్టాడు.

"మనుషులు బోర్లా పడతారు, నేనేమిటో వెల్లకిలా పడ్డాను. ఎక్కవయ్యా వీపుమీద" అంది తాబేలు.

మొదటి సముద్రం దాటారు, రెండో సముద్రం దాటారు, ఏడూ దాటారు. నందనుడికి ఒళ్ళంతా ఉప్పు పేరుకుంది. కళ్ళు మండుతున్నాయి గాని మూతపడవు. ఏ సముద్రం ఎక్కడ అయిందో కూడా తెలియనంత అలిసిపోయాడు.

మాంత్రికుడి కోటలో అన్నలిద్దరూ నేలమీద గాఢనిద్రలో ఉన్నారు. పక్కన బూడిదరంగు నూలుండ ఒకటి పొగడపురం దిక్కుకు మెల్లగా దొర్లుతోంది. కంకనేత్రుడు దాన్ని కాలితో అడ్డుకుంటున్నాడు.

"విడిగా ఉంటే ఇంటికి పాకుతుంది పాడుది. దీన్ని నాకు ఒడ్డాణంగా అల్లివ్వు. పొద్దు గుంకేలోగా మూడు వరసలు. అల్లితే మీ అన్నల్ని ఇస్తాను. నిద్రపోతే నువ్వూ వాళ్ళ పక్కనే" అన్నాడు. "నువ్వే అల్లుకోరాదా" అనడిగితే, "అల్లకముందు ముట్టుకుంటే నాకూ నిద్రొస్తుందిగా!" అని కసిరి వెళ్ళిపోయాడు.

కిటికీలో ఒక ముసలి చిలక ఉంది. నందనుడు దాని దగ్గరకు వెళ్ళాడు.

"తెలుసులే, నా మెడ పిసకడానికొచ్చావు" అంది చిలక. "అందరూ అందుకే వస్తారు. వాడి ప్రాణం ఇన్నేళ్ళూ నా మెడలోనే ఉండేది. ఈమధ్య నాకు మతిమరుపొచ్చింది. ఎక్కడ పెట్టానో మరిచిపోతానని భయపడి తీసేసుకున్నాడు. ఈ నూలు చివరి జానెడులో కలిపి వడికాడు. నడుముకు కట్టుకుంటే ఎప్పటికీ తన దగ్గరే ఉంటుందట."

"ఇది గుర్తుందే నీకు?"

"రేపటికి ఉండదు. తొందరగా అల్లు."

నందనుడు నూలు ముట్టుకోగానే రెప్పలమీద రాయి పెట్టినట్టయింది. మొదటి వరసకు వీధి పేర్లు పలికాడు. సగంలో తల వాలింది. చీమ చెవిమీద కుట్టింది. వరస పూర్తయింది. రెండో వరసకు తోటల పేర్లు పలికాడు. మళ్ళీ తల వాలింది. తాబేలు కిటికీ కింద సముద్రంలోంచి చల్లటి ఉప్పునీళ్ళు లోపలికి చిమ్మింది. వరస పూర్తయింది.

"తోటలో ఒక పేరు మెల్లగా అన్నావేం? చెంగల్వ అనీ?" అంది చిలక.

"తోటమాలి కూతురు" అని నందనుడు తల వంచుకున్నాడు.

మూడో వరసకు ఇంటి పేర్లు. చీమ కుట్టినా తెలియడంలేదు. నీళ్ళు చిమ్మినా తెలియడంలేదు. పేర్లే అతన్ని లేపి కూర్చోబెట్టాయి. ఆఖరి కుట్టు ఒక్కటే మిగిలింది. అక్కడ చెయ్యి ఆగిపోయింది.

అది అత్త కుట్టు. అత్త పేరేమిటి? తనకు అత్త. నాన్నకు చెల్లి. అమ్మకు ఆడపడుచు. నౌకర్లకు చిన్నమ్మగారు. పుట్టి ఇన్నేళ్ళయినా ఆమెను ఎవరూ పేరుపెట్టి పిలవగా వినలేదు. "అత్తా" అన్నాడు. కుట్టు జారిపోయింది. ఇంకోసారి అన్నాడు. మళ్ళీ జారిపోయింది. సూది చేతిలోంచి జారబోతోంది. పొద్దు గోడ అంచుకు దిగింది.

"ఎవరా అత్త?" అంది చిలక. "పొగడపురం కోటలోనా? వీడు నన్ను ఎత్తుకు రాకముందు నేనక్కడే ఉండేదాన్నయ్యా! వెనక వసారాలో మీ నాయనమ్మ రోజూ జడ వెయ్యడానికి ఒక పిల్లని పిలిచేది. ఆ పిల్ల జామపండు నాకు సగం పెట్టేది. నిన్నటిది అడిగితే చెప్పలేను గాని ఆ పిలుపు నాకిప్పటికీ వినిపిస్తుంది. మరకతవల్లీ, దువ్వెన తీసుకురావే!"

"మరకతవల్లి" అన్నాడు నందనుడు. కుట్టు నిలిచింది. ఆఖరి ఉచ్చును మాత్రం బిగించలేదు. దానిమీద నూలు కుచ్చు ఒకటి కప్పి ఊరుకున్నాడు.

కంకనేత్రుడు వచ్చి ఒడ్డాణం వరసలన్నీ చూశాడు. "చిలకా, అన్నీ బిగించాడా?"

"ఏమో స్వామీ, చూసినట్టే ఉంది, మరిచిపోయాను."

"నిన్నడగడం నాది బుద్ధి తక్కువ" అని వాడు నడుముకు కట్టుకున్నాడు. నందనుడు కుచ్చు కిందనుంచి కొస పట్టుకుని లాగాడు. ఒక వరస ఊడింది. రెండు వరసలు ఊడాయి. మూడూ ఊడాయి. వాడి ప్రాణమున్న జానెడు తెగి గాలిలో కలిసింది, వాడు బూడిదై రాలాడు. మిగిలిన నూలు ఏడు సముద్రాల మీదుగా బారులు తీరి ఇంటికి పోయింది.

అన్నలు లేచారు. "నాకూ ఒకటి అల్లరా తమ్ముడూ" అన్నాడు అజితుడు సిగ్గుపడుతూ.

చిలకను భుజాన పెట్టుకుని నందనుడు ఊరు చేరేసరికి పట్టపగలు అందరూ నిద్రపోతున్నారు. రాజుగారు సింహాసనం మీద, వంటవాడు గరిటెతో, పసివాళ్ళు తల్లుల ఒళ్ళో. అత్త వసారాలో పడుకుంది. అతను లేపలేదు. పక్కనే ఒరిగి, తనూ మూడు రోజులు నిద్రపోయాడు.

ఆమె లేచాక, "బాగా పడుకున్నావా, మరకతవల్లత్తా?" అన్నాడు. ఆమె జడ విప్పుకుంది. తరవాత దువ్వెన తీసుకురమ్మంది.

నందనుడు చెంగల్వను పెళ్ళాడి, రాజై, అరవై ఏళ్ళు ఏలాడు. ఆ అరవై ఏళ్ళూ ఆ ఊళ్ళో అందరూ కడుపునిండా తిని, కంటినిండా నిద్రపోయారు.

అమ్మాయ్ శేషూ, పిల్లలకు చదివి వినిపించేముందు పేర్లు ఒకసారి సరిచూడు. అన్నల పేర్లు అటూ ఇటూ అయితే అవనీ. ఆ అత్త పేరు మా అమ్మ నీకు ఈ కథ చెప్పినప్పుడు ఇదే అందా, ఇంకొకటా? నీకు గుర్తుంటే దిద్దు. నీకూ గుర్తు లేకపోతే నేను రాసిందే ఉంచు, అంతేగాని అక్కడ అత్త అని రాసి ఊరుకోకు.