పుట్టని రాకుమారుల పేర్లు

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో చెట్లకంటే నియమాలు ఎక్కువ. ఎండాకాలంలో మడుగు దగ్గర పేర్ల పట్టీ చదివేవారు. పట్టీలో పేరుంటేనే నీళ్ళు.

నాంచారి అనే ముంగిసకు కూతురు పుట్టింది. పిల్లను వెంటబెట్టుకుని గుమాస్తా కొంగ దగ్గరికి వెళ్ళింది.

"అయ్యా, నా బిడ్డ పేరు ధీర. రాసుకోండి."

కొంగ ఒంటికాలు మార్చుకున్నాడు. "కుదరదమ్మా. ధీర, వీర, శూర, ఇవన్నీ సింహరాజుగారి కొడుకుల కోసం అట్టేపెట్టిన పేర్లు."

"వాళ్ళలో ఎవరైనా పెట్టుకున్నారా?"

"ఇంకా పుట్టలేదు. పుడితే కావాలిగా!"

"పుట్టనివాళ్ళకు మూడు పేర్లు, పుట్టినదానికి ఒక్కటీ లేదా?"

"నియమం నేను పెట్టానా తల్లీ?"

మర్నాడు మళ్ళీ వెళ్ళింది. "ఇది నా నాలుగో కానుపు. నాలుగోపిల్ల అని రాయండి."

"పేరు అంకెతో మొదలవకూడదు."

మూడోరోజూ వెళ్ళింది. "పోనీ, నాంచారి కూతురు అని రాయండి."

"పేరు మధ్యలో ఖాళీ ఉండకూడదు. అయినా తల్లి పేరుతో ఎవరైనా రాస్తారా? తండ్రేడీ?"

"గద్ద ఎత్తుకుపోయింది."

"అయితే ఆ గద్ద చేత సంతకం పెట్టించుకురా" అని కొంగ గొంతు తగ్గించాడు. "ఆడపిల్లే కదా! ఓర్పు, అణకువ, మౌనం, ఈ మూడూ ఎప్పుడూ ఖాళీయే. ఒకటి తీసుకో. ఇప్పుడే తాగిస్తాను."

పిల్ల నాలుక పిడచకట్టుకుపోయింది. నాంచారి "అణకువ" అనబోయి ఆగింది. ఈ పూటకి గొంతు తడుస్తుంది. బతుకంతా ఆ పేరుకి పలకాల్సింది మాత్రం పిల్లే.

"ఆ మూడూ మీ మగపిల్లలకు పెట్టుకోండి" అని వెనక్కి తిరిగింది.

ఎండిన వాగులో ఇసుక తవ్వింది. గోళ్ళు అరిగాయి. పొద్దు వాలేసరికి చెలమలో నీరూరింది.

"ధీరా, రావే, తాగు!" అని అడవంతా వినబడేలా పిలిచింది.

ఆ కేకకు పట్టీలో లేనివాళ్ళంతా వచ్చారు. "మా పేర్లు అడగవా అక్కా?" అంది ఓ కుందేలు.

"ముందు తాగండర్రా. గొంతు తడిస్తే మీరే చెబుతారు."

వారం తిరిగేసరికి మడుగు బురదైంది. పేరున్నవాళ్ళూ చెలమకే వచ్చారు. రాజుగారు కడుపారా తాగి, మీసం తుడుచుకుని, "ఎవరు తవ్వారు?" అన్నారు.

"మా అమ్మ" అంది పిల్ల. "నా పేరు ధీర."

"అది నా కొడుకుల పేరు!" అని గర్జించారు రాజుగారు.

"ఏ కొడుకులు? మీకున్న ముగ్గురూ కూతుళ్ళేగా!" అంది ఆడసింహం. "పెద్దదానికి ధీర అని పెడతానంటే, కొడుకుల పేరని మూడేళ్ళుగా ఈ కొంగ నన్నూ తిప్పుతున్నాడు. నాంచారీ, మా పిల్లనూ అలాగే పిలుచుకోనా?"

"దానికేం రాణీ, పిలిస్తే అరిగిపోతుందా?"

ఆడసింహం అక్కడికక్కడే కూతురిని పిలిచింది. ఒకే కేకకు ఇద్దరు ధీరలు పరుగెత్తుకొచ్చారు.

నీతి: పట్టీలో రాసేదాకా బిడ్డను దాహంతో నిలబెట్టకు. నచ్చిన పేరుతో పిలువు, నీ నీళ్ళు నువ్వే తవ్వుకో.